ముక్కు పిడికెడు

పోయిన నెల అనంతపురంలో గొంతు డాక్టరు నా చేతికి ఒక ప్లాస్టిక్ సీసా, ఒక డబ్బా ఉప్పు పొట్లాలు ఇచ్చాడు. గొంతులో ఎప్పుడూ ఏదో అడ్డం పడినట్లుంటోందని, ఒక పాఠం పూర్తయ్యేలోపు పదిసార్లు గొంతు సవరించుకోవాల్సి వస్తోందని ఆయనతో చెప్పుకున్నాను. లైటు వేసి చూసి, గొంతులో ఏమీ లేదమ్మా, ముక్కు వెనకనుంచి కారి గొంతులో పడుతోంది, రోజూ ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కోండి అన్నాడు. కుర్రవాడు, ఓపిగ్గా విడమరిచి చెప్పబోయాడు. నీళ్ళు కాచి చల్లార్చాలి అని మొదలుపెట్టాడో లేదో, తల పక్కకు వంచాలి, నోటితో ఊపిరి తీయాలి, అయ్యాక గట్టిగా చీదకూడదు, వెంటనే పడుకోకూడదు అని మిగతాదంతా నేనే అప్పజెప్పేశాను. టీచరు బుద్ధి ఎక్కడికి పోతుంది. ఆయన నవ్వి, ఎవరు నేర్పారమ్మా అని అడిగాడు. ఒకప్పుడు మా పక్కింట్లో ఉన్నాయన అన్నాను. 

సీసా తెచ్చి అలమారలో పెట్టాను. మూడు వారాలైనా మూత తీయలేదు. ఆ పక్కింటాయన ఇప్పుడు ఉన్నాడో లేడో కూడా నాకు తెలియదు. తెలుసుకోవాలంటే ఒక బస్సెక్కితే చాలు. ఎక్కలేదు. ఎక్కకపోవడానికి నా దగ్గర చాలా కారణాలున్నాయి, అన్నీ ఒట్టి సాకులే.

తొంభైల చివర్లో నాకు ఉద్యోగం వచ్చింది. మాది గోరంట్ల వైపు. పోస్టింగు మాత్రం కుందుర్పి దారిలోని ఒక పల్లెకు పడింది. ఆ ఊళ్ళో గది దొరక్క కళ్యాణదుర్గంలో అద్దెకు దిగి, రోజూ షేర్ ఆటోలో పోయి వచ్చేదాన్ని. దిగిన మరునాడు తెల్లవారేసరికి గోడ అవతల ఎవరో నీళ్ళలో మునిగిపోతున్నట్లు చప్పుడు. గురగుర, బుడబుడ, కాసేపు నిశ్శబ్దం, మళ్ళీ గురగుర. ఎవరికో ప్రాణం మీదికి వచ్చిందనుకుని తలుపు తీసి పరుగెత్తాను.

కాలవ పక్కన ఒక పొడుగాటి మనిషి నడుం వంచి నిలబడి ఉన్నాడు. తల ఒక పక్కకు వాల్చి, కొమ్మున్న ఇత్తడి చెంబును ముక్కుకు ఆనించుకున్నాడు. ఒక రంధ్రంలో పోస్తున్న నీళ్ళు రెండో రంధ్రంలోంచి సన్నటి ధారగా కాలవలో పడుతున్నాయి. కళ్ళు తెరిచే ఉన్నాయి, నన్ను చూస్తూనే ఉన్నాయి, కానీ ధార ఆపలేదు. ఒకవైపు అయ్యాక రెండోవైపు. అదీ అయ్యాక తుండుగుడ్డతో మూతి తుడుచుకుని, గాలిని మూడుసార్లు మెల్లగా పీల్చి, అప్పుడు మాట్లాడాడు.

"కొత్తగా దిగిన పాపవు నువ్వేనా? పెట్టెలో నెయ్యి ఉండాది. మూత సరిగ్గా ఎయ్యి, చీమలు పడతాయి."

మా అమ్మ ఇచ్చిన నెయ్యి డబ్బా రేకుపెట్టెలో, చీరల మధ్యన, నా గదిలో ఉంది. ఆయన నా గది గడప కూడా తొక్కలేదు. నవ్వాలో భయపడాలో తెలియక తల ఊపి వచ్చేశాను. ఆయన విషయంలో ఆ రెండూ నాకు చివరిదాకా కలిసే ఉండేవి.

ఆయన పని వాసన చూడటం. ఆటోలు ఆగే చోట వేరుశనగ మిల్లు ఒకటి ఉండేది. కాయలు ఒలిచి, గింజలు ఏరి, నూనెకు పంపేవాళ్ళు. మిల్లు గేటు దగ్గర స్టూలు మీద ఆయన కూర్చునేవాడు. రైతులు తెచ్చిన ప్రతి సంచికి ఇనుప గొట్టం గుచ్చి ఒక పిడికెడు తీసి, అరచేతుల మధ్య నలిపి, నోటితో వెచ్చగా ఊది, ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. తర్వాత ఒకే మాట. "దించు" అంటే సరుకు బాగున్నట్టు. "ఎత్తు" అంటే సంచి మళ్ళీ బండెక్కించుకోవాలి. లోపల బూజు పట్టినా, వానకు తడిసి ఆరినా, పాత సరుకు కలిపినా, రైతు ఎంత మొత్తుకున్నా ఎత్తాల్సిందే. నేను ఆటో కోసం రోజూ ఆ గేటు నీడనే నిలబడేదాన్ని కాబట్టి ఇవన్నీ చూసేదాన్ని. ఊళ్ళో అందరూ ఆయన్ని ముక్కాయన అనేవాళ్ళు. నేను పెద్దనాయనా అనేదాన్ని, ఆయన భార్యను పెద్దమ్మా అని.

ఆ మిల్లులో ఒక పాత ఆచారం ఉండేది. ఆయన దించమన్న ప్రతి సంచిలోంచి తీసిన ఆ పిడికెడు ఆయన ఇంటికే పోవాలి. ఆ ఇంట్లోనే వండుకుని తినాలి. దాన్ని ముక్కు పిడికెడు అనేవాళ్ళు. చూసేవాళ్ళకు అది మిల్లువాళ్ళు ఇచ్చే మామూలులాగా కనిపించేది. నిజానికి అది షరతు. బాగుందని నువ్వు చెప్పినదాన్ని ముందు నీ ఇల్లు తినాలి, తర్వాతే లోకం తింటుంది అని ఎప్పుడో ఎవరో పెద్దలు పెట్టారట. ఆయనకు ఆ షరతంటే చాలా గర్వం. పెద్దమ్మ మాత్రం, పెళ్ళైన కాడినుంచి నేను తినని చెనిక్కాయ ఈ తాలూకాలో లేదు అని నవ్వేది.

ముక్కును ఆయన కాపాడుకునే తీరు చూస్తే పసిబిడ్డను సాకినట్లుండేది. బీడీ లేదు. మధ్యాహ్నం దాకా ఉల్లిపాయ ముట్టడు. ఇంట్లో ఊదుబత్తి వెలిగించనివ్వడు. పెద్దమ్మకు పూలంటే ప్రాణం, కానీ మల్లెలు నిషేధం. వాసన లేని కనకాంబరాలే పెట్టుకునేది. దేవుడికి కూడా అవే. మా ఇంటి దేవుడికి జలుబు చేసింది పాపా, ఏ పూలైనా ఒకటే అనేది.

ఇంత చేసినా మిల్లు దుమ్ము మిల్లు దుమ్మే. పొట్టు మేఘంలా లేచి గేటుదాకా వచ్చేది. సాయంత్రానికి ఆయన ముక్కు దిబ్బడ వేసి, గొంతులోకి కఫం దిగేది. తెల్లారి ఉప్పునీళ్ళు పోసుకుంటే తప్ప ఆ రోజుకు ముక్కు లేనట్లే. బళ్ళారిలో ఒక బైరాగి నేర్పాడని ఒకసారి చెప్పాడు. ఇంకోసారి అడిగితే ఒక కాంపౌండరు నేర్పాడన్నాడు. మూడోసారి అడగలేదు.

నాకు నేర్పింది ఆయనే. చాక్‌పీసు పొడికీ, ఆటోలో మింగే దుమ్ముకూ నాలుగు నెలల్లో నా గొంతు పాడైంది. పొద్దున లేస్తే అరగంట కాండ్రించడమే సరిపోయేది. మిరియాల కషాయం తాగాను, పసుపు పాలు తాగాను, మందుబిళ్ళలు చప్పరించాను. గోడ అవతలనుంచి అదంతా వింటూ వచ్చి ఒకరోజు పిలిచి చెప్పాడు.

"గొంతుకు రోగం లేదు పాపా. ముక్కు ఎనకనుంచి కారి ఆడ పడతాండాది. పైన తొట్టి కారుతాంటే కింద నేల తుడిస్తే ఏమొస్తాది?"

నీళ్ళు తెర్లకాచి, మూతపెట్టి, గోరువెచ్చగా చల్లారనిచ్చి, బట్టలో వడగట్టి చెంబులో పోసేవాడు. మా వీధి బోరునీళ్ళు ఎలాగూ ఉప్పగానే ఉంటాయి కదా, అవే పోసుకుంటే సరిపోదా అని నేను తెలివి చూపించబోతే, బోరులో ఏముండాదో బోరుకే తెలియదు, కాచని నీళ్ళు ముక్కులోకి పోనియ్యొద్దు అని కసిరాడు. ఉప్పు ఎంత వేయాలంటే, కన్నీళ్ళు ఎంత ఉప్పుంటాయో అంత అన్నాడు. తక్కువైనా మండుతుంది, ఎక్కువైనా మండుతుందట. కన్నీళ్ళ ఉప్పు నాకేం తెలుసు పెద్దనాయనా అన్నాను. ఇంకా వయసుంది, తెలుస్తుందిలే అన్నాడు. ఆ మాటలో ఎగతాళి లేదు, అందుకే గుర్తుండిపోయింది.

మొదటిసారి చచ్చిపోతాననుకున్నాను. నోరు మూసుకోవడంతో నీళ్ళు గొంతులో పడి, కళ్ళు బైర్లు కమ్మి, దగ్గి దగ్గి కూలబడ్డాను. పెద్దమ్మ వీపు నిమురుతుంటే ఆయన మాత్రం, నోరు తెరువు, నోటితో ఊపిరి తీయి, మళ్ళీ నీళ్ళు పొయ్యి అంటూ నిలబడ్డాడు. నాలుగోరోజుకు అలవాటైంది. పదోరోజుకు గొంతు విడిచింది. వెనకబెంచీలో నిద్రపోయేవాళ్ళు నా అరుపుకు లేచి కూర్చోవడం మొదలైంది. అప్పటినుంచి పొద్దున్నే రెండు ఇళ్ళ కాలవల దగ్గర రెండు చప్పుళ్ళు. వీధివాళ్ళు మమ్మల్ని చూసి నవ్వుకునేవాళ్ళు.

తర్వాత తర్వాత నవ్వడం మానేశారు. నేనెక్కే ఆటో నడిపే మనిషిని ఒకరోజు ఆయన పిలిచి, నీ నోట్లో మాగిపోయిన పండు వాసన వస్తోంది, ఆస్పత్రికి పోయి చూపించుకోమన్నాడు. అతను పకపకా నవ్వి, పండు తినే యోగం నాకెక్కడిది అన్నాడు. పదిరోజులు తిరక్కముందే ఆటో పక్కకు ఆపి, హ్యాండిలు మీదే వాలిపోయాడు. షుగరు ముదిరిపోయిందన్నారు. మళ్ళీ ఆటో తోలలేదు. ఆ తర్వాత ఆయన ఎవరి పక్కనైనా ఒక్క క్షణం ఎక్కువ నిలబడితే ఆ మనిషి ముఖం పాలిపోయేది. కొందరు ఆయన గాలి సోకకుండా గేటుకు దూరంగా నడిచేవాళ్ళు. నేను ఒకసారి అడిగాను, ముందే తెలియడం భయంగా ఉండదా అని.

"ఏదైనా ముందు వాసన వస్తాది పాపా. ఆ ఎనకనే అది వస్తాది. మనుషులు నడుమ ఉండే టైముని ఊరికే పోగొట్టుకుంటాండారు."

అప్పుడది నాకు పెద్ద వేదాంతంలాగా వినిపించి, ఇంటికొచ్చి నోటుపుస్తకంలో రాసుకున్నాను.

కరువు మూడో ఏడు. జూన్‌లో నాలుగు చినుకులు పడి ఆశపెట్టాయి. రైతులంతా విత్తనం గింజలకు మందుపొడి కలిపి వానకోసం కాచుకున్నారు. పురుగు పట్టకుండా, నేలలో కుళ్ళకుండా కలిపే విషం అది. జూలై పోయింది. ఆగస్టు సగం పోయింది. ఇక వేసినా పండదు. మందు కలిపిన గింజలు ఇళ్ళల్లో అలాగే మిగిలిపోయాయి. వాటిని ఏం చేయాలి? పస్తులున్న ఇంట్లో సంచెడు గింజలు కళ్ళముందు కనిపిస్తుంటే పారేసే చేతులు ఎవరికుంటాయి? ఏడు నీళ్ళల్లో కడిగి, ఎండబెట్టి, రంగు పోయాక మంచి గింజల్లో కలిపి అమ్మడం మొదలుపెట్టారు. కొందరు వేయించుకుని తిన్నారని కూడా విన్నాను.

ఒక పొద్దున ఒక ముసలామె అలాంటి సంచితో మిల్లుకు వచ్చింది. నేను అక్కడే ఉన్నాను. గింజలు తెల్లగా, శుభ్రంగా ఉన్నాయి. ఆయన నలిపాడు, ఊదాడు, ముక్కు దగ్గర పెట్టుకుని వెంటనే చెయ్యి దూరంగా లాగేశాడు. ఎత్తు అన్నాడు. ఆమె కాళ్ళు పట్టుకోబోయింది. ఆయన స్టూలు మీదనుంచి లేచి వెనక్కి జరిగి, గొంతు తగ్గించి చెప్పాడు.

"అవ్వా, దీన్ని తీసకపోయి గుంత తీసి పూడ్చు. కోడికి గూడా ఎయ్యొద్దు. నీ ఇంట్లో ఎవురూ నోట్లో పెట్టుకోవద్దు."

ఆమె సంచి నెత్తిన పెట్టుకుని వెళ్తూ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. ఆ చూపులో పూడ్చే ఉద్దేశం నాకు కనిపించలేదు. ఆయన తన అరచేతిలో మిగిలిన ఒక గింజను నా ముక్కు దగ్గర పెట్టి, ఈ వాసన గుర్తుపెట్టుకో అన్నాడు. మొదట వేరుశనగ కమ్మదనమే వచ్చింది. ఆగి చూడు అన్నాడు. ఆగాను. అడుగునుంచి కుళ్ళిన ఎల్లిపాయలాంటిది మెల్లగా లేచింది.  ఆయన ఆ రోజు సాయంత్రం కూడా ముక్కు కడుక్కున్నాడు.

నీళ్ళు లేవు. మా వీధి బోరు ఎండిపోయి ట్యాంకరు వచ్చేది, మొదట్లో నాలుగురోజులకొకసారి, తర్వాత వారానికి. నేను బడిలో ఉంటే పెద్దమ్మే నా బిందెలు కూడా వరసలో పెట్టేది. ఒకసారి మా వంతు రాకముందే ట్యాంకరు ఖాళీ అయిపోయింది. వాళ్ళింట్లో తాగడానికి రెండు బిందెలు, నా గదిలో బిందె అడుగున చెంబెడు. నా ముక్కు కడగడం ఆగిపోయింది. మూడోరోజుకు గొంతు పూడుకుపోయి మాట బదులు గాలి వస్తోంది. సరిగ్గా ఆ వారమే నా పాఠం వినడానికి పై అధికారి వస్తున్నాడని కబురు. ఆయన రాసిపోయే నాలుగు ముక్కల మీదే నా ఉద్యోగం ఖాయం కావాలి. సైగలతో పాఠం చెప్పలేను కదా.

మరునాడు పొద్దున మా రెండిళ్ళ మధ్య గోడ మీద కొమ్ముచెంబు పెట్టి ఉంది. గోరువెచ్చటి నీళ్ళు, ఉప్పు కూడా కలిపి. ఆయన గోడ అవతల నిలబడి ఉన్నాడు. మరి మీకో అని సైగ చేశాను.

"నీకు గొంతు ఈ వారమే కావల్ల. నాకు ముక్కు ఇంగొక వారం నడుస్తాది. తీసుకో."

తీసుకున్నాను. నాలుగోరోజు అధికారి వచ్చాడు, విన్నాడు, బాగుందని రాసిపోయాడు. అక్కడితో ఆపి ఉంటే నేనిప్పుడు ఇది రాసేదాన్ని కాదు. ఆపలేదు. ఐదోరోజూ గోడ మీద చెంబు ఉంది, తీసుకున్నాను. ఆరోరోజూ తీసుకున్నాను. గోడ అవతల గురగుర వినిపించడం లేదని నాకు తెలుసు. ఎందుకు వినిపించడం లేదో కూడా తెలుసు. అడిగితే చెంబు వెనక్కి ఇవ్వాల్సి వస్తుందని అడగలేదు. నా గొంతు అంత బాగా అంతకుముందెప్పుడూ లేదు. బడిలో పద్యం ఎత్తుకుంటే వీధిలో పోయేవాళ్ళు ఆగేవాళ్ళు. ఆ ముచ్చటలో ఉన్నాను నేను.

ఏడోరోజు శనివారం. గేటు దగ్గర ఆటో కోసం నిలబడ్డాను. ఎవరో ఒకడు బండిమీద పది సంచుల గింజలు తెచ్చాడు. ఆయన గుచ్చి తీసి నలిపాడు. ఊదాడు. పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. ఎప్పుడూ లేనిది, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నాడు. మూడోసారి కూడా పీల్చి, ఒకసారి నావైపు చూశాడు. నేను ఆటో వచ్చిందా అన్నట్లు రోడ్డువైపు తిరిగాను. వెనకనుంచి ఆయన మాట వినిపించింది. దించు.

మర్నాడు ఆదివారం మధ్యాహ్నం పెద్దమ్మ చిన్న గిన్నెతో వచ్చింది. నిన్న ముక్కు పిడికెళ్ళు పది వచ్చాయని, రోట్లో వేసి ఊరిబిండి నూరానని, రాగిసంగటిలోకి బాగుంటుందని చెప్పింది. వేరుశనగ పచ్చడిని మావైపు ఊరిబిండి అంటారు. "మీ పెద్దనాయనకు నోరు చచ్చిపోయిందంట, మజ్జిగ తాగి పండుకున్నాడు. నేనింగా తినలేదు, ముందు నీకు తెచ్చినా" అంది. తలలో కనకాంబరాలున్నాయి.

ఆమె చేతిలో గిన్నె ఉండగానే నాకు వాసన వచ్చింది.

కమ్మదనం ముందు వచ్చింది. అడుగునుంచి రెండోది వచ్చింది. ఎల్లిపాయలు కాస్త ఎక్కువ వేసిందేమో అని నాకు నేను చెప్పుకున్నాను. ఆ ముక్కు దాటి వచ్చిన గింజను అనుమానించడానికి నేనెవరు అనుకున్నాను. ఇవన్నీ పైపై మాటలు. అసలు మాట ఇది. నాకు వాసన వచ్చిందని చెబితే, ఆయనకు రాలేదని చెప్పినట్లు. ఆయనకెందుకు రాలేదో మా ఇద్దరికీ తెలుసు. ఆ చెంబు మా ఇంట్లో, నా కిటికీలో, అప్పటికింకా తడిగానే ఉంది. గిన్నె అందుకుని, తర్వాత తింటాను పెద్దమ్మా అని పక్కన పెట్టి మూతవేశాను. ఆమె వెళ్ళి సంగటి పెట్టుకుంది.

మూడు గంటలకు వాంతులు మొదలయ్యాయి. నేను వెళ్ళేసరికి గడపకు ఆనుకుని కూర్చుని ఉంది, ఒళ్ళంతా చెమట, నోటివెంట నీళ్ళు. కళ్ళు మసకలు కమ్ముతున్నాయి పాపా అంది. ఏం తిన్నది, ఏం తిన్నది అని చేరిన జనం అడుగుతున్నారు. ఆయన వసారాలోని రోటి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, రోట్లో తల పెట్టి పీల్చాడు. వేలితో తీసి ముక్కుకు రాసుకుని పీల్చాడు. ఏమీ రాలేదు. లేచి మా ముఖాలు ఒక్కొక్కటే చూస్తూ, "బాగానే ఉండాది గదా, ఏం వాసనా లేదు గదా" అన్నాడు.  నేను జీపు వస్తోందా అన్నట్లు వీధి చివరకు తిరిగాను.

జీపు వచ్చింది. ఆమెను ఎక్కిస్తుంటే జీపు తోలే అతని చెవిలో మాత్రం, మందు గింజలు తిన్నదేమో, డాక్టరుకు చెప్పు అన్నాను. ఆయన వినకుండా జాగ్రత్తపడ్డాను. అనంతపురం ఇంకా చేరకముందే దారిలోనే అయిపోయింది. జీపు ఎక్కించేటప్పుడు జారిపోయిన ఆమె ఒక కాలి చెప్పు మా వీధిలోనే ఉండిపోయింది. దాన్ని ఎవరు తీశారో నేను చూడలేదు.

మిల్లులో ఆ పది సంచులూ దొరికాయి. ఇంకా నూనెకు పోలేదు. ఊరి బయట గొయ్యి తీసి పూడ్చారు. అవి ఆ ముసలామె గింజలో, ఇంకెవరివో తేలలేదు. తెచ్చినవాడు మళ్ళీ ఆ వైపు కనిపించలేదు. చావాల్సినవాళ్ళు ఎంతమందో, ముక్కు పిడికెడు అందర్నీ కాపాడింది అని మిల్లువాళ్ళు అనుకున్నారు. ఆ మాట ఆయన ముందు కూడా అన్నారట. 

దినాలయ్యాయి. ఆయన మిల్లుకు పోవడం మానేశాడు. పొద్దున్నే కాలవ దగ్గర చప్పుడు లేదు. గోడ అవతల ఎవరూ లేనట్లుండేది, కానీ తలుపు సందులోంచి చూస్తే రోటి పక్కనే గోడకు ఆనుకుని కూర్చుని ఉండేవాడు. నోరు కొద్దిగా తెరిచి ఊపిరి తీస్తూ ఉండేవాడు. వీధిలో జనానికి కొత్త భయం పట్టుకుంది. వాసన తెలిసే మనిషంటే భయపడినవాళ్ళే, వాసన తెలియని ఆ మనిషి ముందునుంచి పోవడానికి ఇప్పుడు ఇంకా ఎక్కువ భయపడ్డారు. ఆయన ముఖం చూస్తే, ఊరికి కాపలా తీసేసినట్లుందని ఒకామె నాతో అంది.

ట్యాంకరు వచ్చినరోజు నేను నీళ్ళు తెర్లకాచాను. చల్లార్చి, వడగట్టి, ఉప్పు కలిపి, ఆయన చెంబులోనే పోసి తీసుకెళ్ళాను. ఆ వారమంతా ఆయన నీళ్ళు నేనే వాడుకున్నానని, అధికారి వచ్చిపోయాక కూడా ఆపలేదని, తప్పు నాదని చెప్పాలని వెళ్ళాను. గిన్నె సంగతి చెప్పాలని మాత్రం వెళ్ళలేదు. అది ఎవరికీ తెలియదనుకున్నాను. చెంబు ఆయన ముందు పెట్టి నిలబడ్డాను. ఆయన చెంబువైపు చూడలేదు.

"జీపు తోలే ఆయప్ప వచ్చిపోయినాడు పాపా. మందు గింజలని నువ్వు చెప్పినావంట."

చెంబును కాస్త ఆయనవైపు జరిపాను.

"నీకెట్ల తెలిసింది?"

ఊళ్ళో అందరూ అనుకుంటున్నారు కదా అని ఏదో గొణిగాను.  ఆయన దగ్గర మాట దాటేయడం ఎవరివల్లా అయ్యేది కాదు, ముక్కు లేకపోయినా సరే.

"వాసన వచ్చిందా?"

"వచ్చింది" అన్నాను.

"ఎప్పుడు?"

"గిన్నె తెచ్చినప్పుడే. పెద్దమ్మ ఇంకా తినలేదు."

గొంతు ఎక్కడా పట్టుకోలేదు. ఒక్క అక్షరం కూడా పోకుండా, బడిలో పాఠం చెప్పినంత స్పష్టంగా పలికాను. ఆయన నన్ను తిడతాడని చూశాను. కొడతాడేమో, కొడితే బాగుండుననిపించింది. ఆయన రెండు చేతులూ నేలకు ఆనించి మెల్లగా లేచాడు. చెంబు తీసి నా చేతికే తిరిగి ఇచ్చాడు. లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకుంటూ, సంచి మీద తీర్పు చెప్పేటప్పటి గొంతుతోనే అన్నాడు.

"అయితే నీళ్ళు పనిచేసినాయి."